ఇంగ్లండ్ పల్లెదారుల్లో సైకిలు: బండ్ల రద్దీ లేని మార్గాన్ని మీరే గీసుకునే పద్ధతి

"బండ్లు పెద్దగా తిరగని సైకిలు దారి ఒకటి చెప్పండి" అని రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ వైపు ఉంటున్న తెలుగువారు తరచుగా అడుగుతుంటారు. ఒక దారి పేరు చెప్పి ఊరుకోవచ్చు గాని, అది అడిగినవారి ఇంటికి రెండు వందల కిలోమీటర్ల దూరాన ఉంటే వారికి పనికిరాదు. పైగా ఆదివారం ఉదయం ప్రశాంతంగా ఉన్న దారే మంగళవారం ఎనిమిదిన్నరకు కార్లతో నిండిపోవచ్చు. అందుచేత ఇంగ్లండ్‌లో ఏ మూలనైనా అటువంటి మార్గాన్ని మ్యాపు మీద గీసి, తనిఖీ చేసి, తొక్కి రావడం ఎలాగో వరుసగా చెబుతాను.

ఉదాహరణ కోసం విల్ట్‌షర్‌లోని వేల్ ఆఫ్ ప్యూజీ అనే లోయను తీసుకుంటున్నాను. ఉత్తరాన మార్ల్‌బరో డౌన్స్, దక్షిణాన సాల్స్‌బరీ ప్లెయిన్ అనే రెండు మెట్ట ప్రాంతాల మధ్య ఉన్న ఈ లోయలో ఎత్తుపల్లాలు తక్కువ, లేన్లు (ఇరుకైన పల్లెదారులు) ఎక్కువ. తూర్పు వైపు బెడ్విన్ స్టేషను, నడిమి భాగంలో ప్యూజీ స్టేషను ఉన్నాయి కనుక ఒకచోట దిగి మరొకచోట ఎక్కవచ్చు.

## 1. రోడ్డు అవసరం ఎవరికో ముందుగా తేల్చుకోవాలి

ఇంగ్లండ్ రోడ్లలో ఎం అక్షరంతో మొదలయ్యే మోటార్‌వేల మీద సైకిలు నిషిద్ధం. 'ఏ' (ఇంగ్లీషు A) అక్షరపు రోడ్లలో చాలావాటి మీద చట్టం అడ్డుచెప్పకపోయినా మన పనికి అవి దాదాపు అన్నీ పనికిరావు. బి అక్షరపు రోడ్లు ప్రాంతాన్ని బట్టి మారుతాయి: జనం పలుచగా ఉండే జిల్లాలో ఉదయం పూట హాయిగా ఉంటాయి, లండన్ చుట్టుపక్కల అయితే 'ఏ' రోడ్డుకు తీసిపోవు. మనకు కావలసినవి నంబరు లేని చిన్న రోడ్లు, వాటిలోనూ అన్నీ కాదు.

ప్రతి లేన్ విషయంలోనూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ దారిన కారులో వెళ్ళవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? రెండు పెద్ద ఊళ్ళ మధ్య 'ఏ' రోడ్డుకు సమాంతరంగా, సూటిగా పోయే లేన్ ఎంత సన్నగా ఉన్నా ఉద్యోగస్తులకు అడ్డదారి అవుతుంది. పొలాలను చుట్టుకొని, మూడు నాలుగు చోట్ల లంబకోణంలో మలుపు తిరిగి, పది ఇళ్ళున్న పల్లె మీదుగా తాపీగా పోయే లేన్‌లోకి ఆ పల్లెవాసులు, పాలు సేకరించే ట్యాంకరు, పార్సిళ్ళ వ్యాను తప్ప వేరెవరూ రారు. మార్గం ఎంత వంకరగా ఉంటే మనకు అంత లాభమన్నమాట.

క్వారీ, చెత్త డంపింగ్ స్థలం, పెద్ద గిడ్డంగి ఉన్న దారిలో లారీలు తప్పవు. పేరుపడిన పర్యాటక గ్రామాలు మరొక చిక్కు. కాట్స్‌వోల్డ్స్‌లో బైబరీ, బోర్టన్-ఆన్-ద-వాటర్ వంటి ఊళ్ళకు పోయే లేన్లు వేసవి శని, ఆదివారాల్లో పార్కింగ్ వెతుక్కునే కార్లతో మూసుకుపోతాయి. అక్కడికి పది కిలోమీటర్ల ఇవతల ఉన్న, పేరు వినని పల్లెలో మాత్రం రోడ్డు మీద కోడి తప్ప ఏమీ కనిపించదు.

రెండు రకాల బోర్డుల గురించి అపోహలు ఉన్నాయి. నీలం బోర్డు మీద ఎర్ర గడిలో తెల్ల అంకె ఉంటే అది నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ మార్గం. ఆ అంకె ఉన్నంత మాత్రాన తారురోడ్డే ఉంటుందని హామీ లేదు. అదే మార్గం లేన్‌లోంచి కాలువ గట్టు మీదికి, అక్కడి నుంచి బురద బాటలోకి మారవచ్చు. సఫోక్, నార్ఫోక్, కెంట్ వంటి కౌంటీల్లో కనిపించే ఆకుపచ్చ 'క్వైట్ లేన్' బోర్డు అక్కడ నడిచేవారు, సైకిళ్ళు, గుర్రాలు ఉంటాయని డ్రైవర్లకు గుర్తుచేస్తుంది. అది కార్లను ఆపదు, వేగ పరిమితినీ మార్చదు.

## 2. మ్యాపు చదవడం నేర్చుకోవాలి

ఫోను మ్యాపుల్లో అన్ని చిన్న రోడ్లూ ఒకే తెల్లగీతగా కనిపిస్తాయి. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి మ్యాపులో మాత్రం ఒక్కో దానికి ఒక్కో గుర్తు ఉంటుంది. గులాబీ అట్ట ల్యాండ్‌రేంజర్ 1:50,000 కొలతలో ఉంటుంది. ఒక షీటు 40 కి.మీ. పొడవు, 40 కి.మీ. వెడల్పు ప్రాంతాన్ని చూపుతుంది. నారింజ అట్ట ఎక్స్‌ప్లోరర్ 1:25,000 కొలతది. నడకకు మేలు గాని సైకిలుకు మరీ త్వరగా షీటు దాటిపోతాము. రోడ్డు సైకిలుకు ల్యాండ్‌రేంజర్ చాలు. మన లోయకు 173, 174 షీట్లు కావాలి. కాగితం వద్దనుకుంటే అదే మ్యాపు వారి యాప్‌లో చందా కట్టి చూడవచ్చు.

ల్యాండ్‌రేంజర్‌లో గమనించవలసినవి ఇవి:

- పసుపు గీత: నంబరు లేని చిన్న రోడ్డు. వీటిలో 4 మీటర్ల కంటే వెడల్పైనవి లావుగా, ఇరుకైనవి సన్నగా ఉంటాయి. సన్న పసుపు గీతలే మనకు ప్రధానం.
- రంగు లేని తెల్ల గీత: ప్రైవేటు దారి గాని, పొలం బాట గాని కావచ్చు. ఆధారం లేకుండా నమ్మవద్దు.
- చుక్కచుక్కల ఫుట్‌పాత్, గీతగీతల బ్రిడిల్‌వే (గుర్రపు బాట): ఫుట్‌పాత్ కాలినడకకే. బ్రిడిల్‌వే మీద సైకిలు తొక్కే హక్కు 1968 నాటి చట్టం ఇచ్చింది గాని, గుర్రాలకూ పాదచారులకూ దారి ఇవ్వాలి. వాన పడితే అది దుక్కిలా ఉంటుంది.
- రోడ్డు మీద బాణం ములుకు: ఒకటి ఉంటే 14 నుంచి 20 శాతం వాలు, రెండు ఉంటే 20 శాతానికి పైనే. ములుకు పల్లం వైపు చూపుతుంది. రెండు ములుకుల చోట కొత్తవారు దిగి నెట్టుకుంటూ నడవవలసిందే, అందులో సిగ్గుపడేదేమీ లేదు.
- గోధుమరంగు ఎత్తు గీతలు: రెండు గీతల మధ్య 10 మీటర్ల తేడా. రోడ్డును ఇవి ఒకదాని వెంట ఒకటి అడ్డంగా కోస్తుంటే ఎక్కుడు. రోడ్డు పక్కనే సాగుతుంటే చదును.
- 'ఫోర్డ్' అనే మాట: అక్కడ వాగు రోడ్డు మీదుగానే పారుతుంది.

ఎక్కుడు కొలవడానికి నేను వాడే మోటు లెక్క ఒకటి ఉంది. మొత్తం ఎక్కుడు మీటర్లను దూరం కిలోమీటర్లతో భాగిస్తే 8 లోపు వచ్చేది తేలిక మార్గం, 8 నుంచి 13 దాకా మధ్యస్థం, 15 దాటితే కాళ్ళు గట్టిగా అలవాటుపడినవారికే. డెవన్ లేన్లు చాలావరకు ఈ మూడో రకం. నార్ఫోక్, కేంబ్రిడ్జ్‌షర్ మొదటి రకం.

## 3. స్టేషనును బట్టి మొదలు, చివర నిర్ణయించాలి

ఇంటి గుమ్మం నుంచి తొక్కడం మొదలుపెడితే మొదటి పది కిలోమీటర్లు ఊరి రద్దీలోనే గడిచిపోతాయి. రైలులో సైకిలు వేసుకొని ఒక చిన్న స్టేషనులో దిగితే ఐదు నిమిషాల్లో లేన్‌లో ఉంటాము.

చాలా లోకల్ రైళ్ళలో సైకిలుకు రిజర్వేషన్ అక్కర్లేదు గాని, పనిదినాల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో లండన్ వైపు రైళ్ళలో మడత సైకిళ్ళు తప్ప సాధారణంగా ఎక్కనివ్వరు. దూరప్రాంత రైళ్ళలో సైకిలు చోట్లు బహు తక్కువ. టిక్కెట్టుతో పాటే చోటు రిజర్వు చేసుకోవాలి. మన ఉదాహరణలో బెడ్విన్ దాకా పోయేది చిన్న దూరపు రైలు, న్యూబరీలో మారవలసి రావచ్చు. ప్యూజీలో ఆగేవి దూరప్రాంత రైళ్ళు కనుక తిరుగు ప్రయాణానికే రిజర్వేషన్ చూసుకోవాలి.

ఆదివారం పట్టాల మరమ్మతులు పెట్టుకొని రైలు బదులు బస్సు నడుపుతారు. ఆ బస్సుల్లో మామూలు సైకిలును సాధారణంగా ఎక్కించుకోరు. ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ఉదయం మరొకసారి రైళ్ళ సమాచారం చూడండి. తిరుగు స్టేషను దాటి మరో స్టేషనుకు తొక్కుకుపోయే దారి కూడా ఒకటి మనసులో ఉంచుకోవాలి.

## 4. మార్గం గీయవలసిన వరుస

చాలామంది యాప్‌లో మొదలు, చివర కొట్టి, వచ్చిన నీలిగీతను అలాగే నమ్ముతారు. నా మొదటి పల్లె యాత్రలో నేనూ అదే చేశాను. ఒక యాప్ నన్ను 'సైకిలుకు అనుమతి ఉంది' అంటూ బ్రిడిల్‌వేలోకి పంపింది; ఫిబ్రవరి బురదలో మూడు కిలోమీటర్లు సైకిలును భుజాన మోసుకొని, చివరి రైలుకు నాలుగు నిమిషాల ముందు స్టేషను చేరాను. అనుమతి వేరు, అనువు వేరు.

ఈ వరుసలో గీయండి.

మొదటి మెట్టు: మ్యాపు మీద 'ఏ' రోడ్లన్నిటినీ గుర్తించండి. వాటిని గోడలనుకోండి. వేల్ ఆఫ్ ప్యూజీలో ఏ346 బర్బేజ్ దగ్గర, ఏ345 ప్యూజీ గుండా ఉత్తర దక్షిణాలుగా పోతాయి. ఏ342 దక్షిణపు అంచున ఉంది. అంటే తూర్పు నుంచి పడమరకు పోయేవారు మొదటి రెండు గోడలను దాటక తప్పదు, మూడోదాన్ని అసలు తాకనక్కర్లేదు.

రెండో మెట్టు: ఆ గోడలను ఎక్కడ దాటాలో ముందే ఎంచుకోండి. మార్గంలో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణాలు ఇవే. కుదిరితే రోడ్డు కింది నుంచో పై నుంచో పోయే వంతెన వెతకండి. లేదంటే ఊరి లోపల దాటండి, అక్కడ బండ్లు నెమ్మదిస్తాయి. ఏ345ను ప్యూజీ ఊరిలోనే దాటడం అందుకే మేలు. అదీ కుదరకపోతే సూటిగా ఎదురెదురుగా లేన్లు ఉన్న నాలుగు రోడ్ల కూడలి చూడండి.

రెండు లేన్లు ఎదురెదురుగా కాక కొంచెం ఎడంగా కలిసే చోట ఒక సూక్ష్మం ఉంది. ముందు కుడికి తిరిగి, ఆ వెంటనే ఎడమకు దిగే అమరిక అయితే మీరు లేన్ చివర క్షేమంగా నిలబడి, రెండు వైపులా ఖాళీ అయ్యాక ఒక్కసారిగా దాటవచ్చు. ముందు ఎడమకు ఎక్కి, తరువాత కుడికి దిగవలసి వస్తే మాత్రం వేగంగా వచ్చే బండ్ల నడుమ, రోడ్డు మధ్యలో ఆగి ఎదురుచూడాలి. అటువంటి చోట కుడికి తిరిగే ప్రయత్నమే వద్దు: ఎడమ అంచున గడ్డిలోకి దిగి, సైకిలు పట్టుకొని, పాదచారిలా దాటండి.

మూడో మెట్టు: దాటే చోట్లను సన్న పసుపు గీతలతో కలపండి. మన మార్గం ఇలా వస్తుంది: గ్రేట్ బెడ్విన్ నుంచి క్రాఫ్టన్, ఏ346 దాటి వూటన్ రివర్స్, ప్యూజీ, విల్కాట్, వుడ్‌బరో, ఆల్టన్ బార్న్స్, స్టాంటన్ సెయింట్ బెర్నార్డ్, ఆల్ కానింగ్స్. అక్కడి నుంచి తూర్పుకు మళ్ళి లోయలోని లేన్ల మీదుగా తిరిగి వుడ్‌బరో, ప్యూజీ స్టేషను. మొత్తం దాదాపు 40 కి.మీ. వూటన్ రివర్స్ చర్చి గడియారంలో అంకెలకు బదులు అక్షరాలు ఉంటాయి. అక్కడ టైము చూసుకొని కంగారుపడకండి.

ఆల్టన్ బార్న్స్ దగ్గర ఉత్తరానికి కొండ ఎక్కే రోడ్డు, పైన సుద్దరాతిలో చెక్కిన తెల్లగుర్రం కనిపించి మనసు లాగుతాయి. అలసటలో గీసిన మార్గం విడిచి కొండెక్కడం మొదటి యాత్రలో వద్దు. అలాగే దక్షిణాన సాల్స్‌బరీ ప్లెయిన్‌లో మ్యాపు మీద 'డేంజర్ ఏరియా' అని ఉన్నచోట సైన్యం కాల్పుల శిక్షణ జరుపుతుంది. యాప్ అటు గీత గీస్తే చెరిపివేయండి. ఎర్రజెండా ఎగురుతున్న చోటికి పోనే కూడదు.

నాలుగో మెట్టు: ఇప్పుడు యాప్ సాయం తీసుకోండి. సైకిల్.ట్రావెల్ అనే సైటు రద్దీ తక్కువైన రోడ్లకు ప్రాధాన్యమిచ్చి మార్గం గీస్తుంది. సైకిల్‌స్ట్రీట్స్‌లో వేగం, మధ్యస్థం, నిశ్శబ్దం అనే మూడు ఎంపికలు ఉంటాయి, మూడోది చూడండి. మీ గీతకూ వాటి గీతకూ తేడా వచ్చిన ప్రతి చోటా ఆగి, ఎందుకు తేడా వచ్చిందో మ్యాపులో వెతకడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అరగంట. స్ట్రావా హీట్‌మ్యాపును (ఆ యాప్ వాడే సైక్లిస్టులు ఎక్కువగా తొక్కిన దారులను రంగుతో చూపే మ్యాపును) మాత్రం రద్దీకి కొలమానంగా తీసుకోవద్దు. ఉదయం ఆరు గంటలకు గుంపుగా పోయే క్లబ్బు సైక్లిస్టులు 'ఏ' రోడ్డును కూడా ఎర్రగా వెలిగిస్తారు.

ఐదో మెట్టు: మార్గాన్ని జీపీఎక్స్ ఫైలుగా (మ్యాపు యాప్‌లు చదవగల ఫైలుగా) దించుకొని, ఇంటర్నెట్ లేకుండా తెరుచుకుంటుందో లేదో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి. లోయల్లో సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి.

## 5. గీసిన దారిని ఇంట్లో కూర్చొనే తనిఖీ చేయాలి

గూగుల్ స్ట్రీట్ వ్యూలో మార్గం మొత్తం చూడనక్కర్లేదు. ప్రతి లేన్ మొదట్లో, మధ్యలో ఒక్కొక్క బొమ్మ చూస్తే చాలు.

మొదట రోడ్డు మధ్య తెల్లగీత ఉందా చూడండి. గీత లేని రోడ్డు సాధారణంగా ఇరుకు, కనుక బండ్లు తక్కువ, వేగమూ తక్కువ. మధ్యలో గడ్డి మొలిచి ఉంటే ఇంకా నయం, కాకపోతే అక్కడ గులకరాళ్ళు పోగుపడతాయి. తెల్లగీత ఉండి, రెండు వైపులా ఎత్తైన పొదకంచె ఉండి, అంచున ఆగడానికి జాగా లేని సూటి రోడ్డు మన కొలతలో అన్నిటికంటే చెడ్డది; బి అక్షరపు రోడ్లలో చాలా ఇలాగే ఉంటాయి. బొమ్మ ఏ నెలలో తీశారో కూడా గమనించండి. మార్చిలో బోసిగా కనిపించే మలుపు జూన్‌లో పచ్చని గోడ అయిపోతుంది.

దారిలో తప్పనిసరైన 'ఏ' రోడ్డు లేక 'బి' రోడ్డు ముక్క ఉంటే రవాణా శాఖ వారి రోడ్డు ట్రాఫిక్ గణాంకాల సైటులో ఆ చోట రోజుకు ఎన్ని బండ్లు పోతాయో చూడవచ్చు. వెయ్యి లోపు ఉంటే నేను ఆలోచించకుండా వెళ్తాను. మూడు వేలు దాటితే మరో దారి వెతుకుతాను. ఇది నా అలవాటే గాని నియమమేమీ కాదు.

## 6. రోజు, గంట, గాలి

ఆదివారం ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా లేన్లు ఖాళీగా ఉంటాయి. పనిదినాల్లో అయితే పది నుంచి రెండున్నర దాకా మేలు. ఎనిమిది నుంచి తొమ్మిది, మూడు నుంచి నాలుగు మధ్య బడి పిల్లలను దింపే కార్లు సన్నదారుల్లోకీ వస్తాయి. బ్యాంక్ హాలిడే సోమవారం వద్దు.

ఇంగ్లండ్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అందుకే ఓపిక ఉన్నప్పుడు పడమరకు ఎదురుగాలిలో తొక్కి, అలసినప్పుడు గాలి వీపుకు తగిలేలా తూర్పుకు తిరగాలి. బెడ్విన్‌లో దిగి పడమటి చివర ఆల్ కానింగ్స్ దాకా పోయి, ప్యూజీకి వెనక్కు రమ్మన్నది ఇందుకే.

కాలాన్ని బట్టి లేన్ స్వభావం మారుతుంది. జులై చివర నుంచి ఆగస్టు దాకా కోతలు. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు రోడ్డు నిండుగా వస్తాయి. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రైతులు పొదకంచెలు కత్తిరించకూడదు కనుక సెప్టెంబరు రాగానే యంత్రాలు దిగుతాయి. హాథార్న్, బ్లాక్‌థార్న్ ముళ్ళు తారు మీద పరచినట్టు పడతాయి. మన పల్లెల్లో తుమ్మముల్లు చేసే పని అక్కడ ఇవి చేస్తాయి. చలికాలంలో ఉప్పు చల్లేది పెద్ద రోడ్ల మీదే; లేన్‌లో చెట్టు నీడన మంచుపొర మధ్యాహ్నం దాకా కరగదు. ఉష్ణోగ్రత 3 డిగ్రీల లోపు ఉంటే నేను యాత్ర వాయిదా వేస్తాను. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుందని కూడా లెక్క వేసుకోండి.

సమయం అంచనాకు గంటకు 16 కి.మీ. వేసుకొని, తిండికి, పంక్చరుకు, దారి తప్పడానికి కలిపి గంటన్నర చేర్చండి. మన 40 కి.మీ.లకు నాలుగు గంటలు అవుతుంది.

## 7. సైకిలు, సామాను

లేన్లలో గుంతలు, రాళ్ళు, పేడ, బురద అన్నీ ఉంటాయి. 28 నుంచి 35 మి.మీ. వెడల్పుండి పంక్చరును తట్టుకునే టైర్లు వేయించుకోండి. 25 మి.మీ. రేసింగ్ టైరును రాతిలా గాలి కొట్టుకొని పోతే నడుము నొప్పి, పంక్చరు రెండూ ఖాయం. మడ్‌గార్డులు వానకాలపు అలంకారం కావు, సంవత్సరమంతా ఉంచవలసినవే. వెనుక చక్రంలో పెద్ద పళ్ళచక్రం 32 పళ్ళదైనా ఉంటే ఎక్కుళ్ళలో మోకాళ్ళు బతుకుతాయి.

ముందురోజు సాయంత్రం సర్దుకోవలసినవి:

- రెండు కొత్త ట్యూబులు, ప్యాచ్‌ల డబ్బా, టైర్ లివర్లు, పంపు. పంపు మీ వాల్వ్‌కు సరిపోతుందో ఇంట్లోనే కొట్టి చూడండి.
- మల్టీటూల్, చైను కలిపే లింకు.
- పగలైనా వెలిగించే ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు. చీకటి పడ్డాక ఇవి, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు చట్టప్రకారం తప్పనిసరి.
- గంట. గుర్రాలకు, నడిచేవారికి ముందుగా తెలియడానికి.
- పలుచని వానకోటు, మరొక జత చేతి తొడుగులు.
- నీటి సీసాలు రెండు, తిండి.
- ఫోను, పవర్ బ్యాంకు, బ్యాంకు కార్డు, ఇరవై పౌండ్ల నగదు.
- మార్గం గుర్తించిన కాగితపు మ్యాపు లేదా దాని ఫోటో ముద్ర.

తిండి గురించి రెండు మాటలు. ఊరు కనిపించినంత మాత్రాన కొట్టు ఉంటుందని అనుకోవద్దు; చాలా పల్లెల్లో చర్చి, పోస్టుడబ్బా తప్ప ఏమీ లేవు. పబ్బులో చాలాచోట్ల మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా వంటగది మూసి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి తెరుస్తారు. శాకాహారులకు అక్కడ దొరికేది తరచుగా చిప్సే. ఇంటి నుంచి పొట్లం కట్టుకున్న పులిహోర, వేరుశనగ చిక్కీ, అరటిపళ్ళు చాలా నిబ్బరం. పులిహోరలో ఉప్పు, కార్బోహైడ్రేట్లు, నూనె అన్నీ ఉంటాయి కనుక దుకాణపు ఎనర్జీ బార్ల మీద ఖర్చు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నీళ్ళు పబ్బులోనో కేఫ్‌లోనో అడిగితే సీసా నింపి ఇస్తారు.

## 8. సన్నదారిలో తొక్కే పద్ధతి

భారతదేశంలోలాగే ఇక్కడా ఎడమవైపు ప్రయాణమే కనుక అలవాటు మార్చుకోనక్కర్లేదు. మార్చుకోవలసింది అంచుకు ఒదిగిపోయే అలవాటును. ఇరుకు లేన్‌లో అంచున తొక్కితే, చోటు లేకపోయినా కారు దూరిపోవడానికి చూస్తుంది; పైగా ముళ్ళు, గాజుముక్కలు పేరుకునేది అక్కడే. లేన్ మధ్యకు దగ్గరగా, వెనుకవారికి స్పష్టంగా కనిపిస్తూ తొక్కండి. హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమావళి) దీన్నే సూచిస్తుంది. ఇద్దరు పక్కపక్కన తొక్కడాన్నీ అనుమతిస్తుంది. గంటకు 30 మైళ్ళ లోపు వేగంతో సైకిలును దాటే డ్రైవరు కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలని, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ ఇవ్వాలని అదే కోడ్ చెబుతుంది. అంత జాగా లేన్‌లో ఉండదు గనుక, వెనుక కారు వచ్చిందని తెలిసినప్పుడు పొలం గేటు దగ్గరో, రోడ్డు వెడల్పైన చోటో మీరే ఆగి చెయ్యి ఊపి పంపించండి. వాళ్ళూ చెయ్యి ఊపుతారు. కంగారుపడి గడ్డిలోకి మాత్రం దిగవద్దు. గడ్డి కింద కాలువ ఉండవచ్చు.

మలుపులో మీ కంటికి కనిపించే దూరంలో సగంలోనే ఆగగలిగినంత వేగం ఉంచుకోండి. ఎదురుగా వచ్చే కారు కూడా అదే ఇరుకులో ఆగాలి. లేన్ మొదట్లో తెల్ల వృత్తంలో నల్లని అడ్డగీత బోర్డు ఉంటే అక్కడ కార్ల పరిమితి గంటకు 60 మైళ్ళు. అంత వేగంగా ఎవరూ పోలేరు గాని, పోవడానికి చూసేవారు అప్పుడప్పుడు ఉంటారు.

గుర్రం కనిపిస్తే వెనుక నుంచి చప్పుడు చేయకుండా రావడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. దూరం నుంచే గంట కొట్టి లేదా "హలో" అని మనిషి గొంతు వినిపించి, వేగం తగ్గించి, రౌతు సైగ చేశాక కనీసం రెండు మీటర్ల ఎడంతో దాటండి. పశువులను తోలుకుపోతుంటే దిగి నిలబడండి. శరత్కాలంలో ఫెజెంట్ అనే అడవికోడి పొదల్లోంచి ఏ క్షణాన ముందుచక్రం కిందికి దూకుతుందో చెప్పలేము. పల్లంలో వేగం తగ్గించుకోవడానికి ఆ ఒక్క పక్షి చాలు.

ఫోర్డ్ దగ్గర సైకిలు దిగి పక్కనున్న నడకవంతెన వాడండి. నీటి కింద రోడ్డు పాచిపట్టి సబ్బులా ఉంటుంది. అరడుగు లోతే కదా అని తొక్కినవారి మోచేతులు నాకు తెలుసు. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుపకడ్డీల జాలీ వస్తే హ్యాండిల్ నిటారుగా పట్టి, బ్రేకు వేయకుండా, సూటిగా దాటాలి. తడిసి ఉంటే నడవండి.

## 9. తరచు జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

దూరం ఎక్కువ పెట్టుకోవడం. పార్కులో 40 కి.మీ. తొక్కినవారు లేన్లలో 40 అనుకుంటే మధ్యాహ్నానికే నీరసిస్తారు. ప్రతి కిలోమీటరుకూ మలుపు, ప్రతి మలుపుకూ బ్రేకు. మొదటి యాత్రకు అలవాటు దూరంలో మూడింట రెండు వంతులే గీయండి.

మైళ్ళను కిలోమీటర్లనుకోవడం. బోర్డుల మీద అన్నీ మైళ్ళే. ఐదు అంటే ఎనిమిది కిలోమీటర్లు.

దారి తప్పాక వెనక్కు రాకపోవడం. మలుపు తప్పినప్పుడు యాప్ కొత్త దారి గీస్తుంది, అది సూటిగా 'ఏ' రోడ్డు మీదికి తీసుకుపోవచ్చు. ఆటోమేటిక్‌గా దారి మార్చే సౌకర్యాన్ని ఆపివేసి, తప్పిన కూడలికి తిరిగి రండి.

అనుకోని రద్దీ. పెద్ద రోడ్డు మూసివేస్తే బండ్లన్నీ పక్క లేన్లలోకి మళ్ళుతాయి. వరుసగా పది కార్లు కనిపిస్తే ఏదో జరిగిందని గ్రహించి, ఊరిలో ఆగి అరగంట టీ తాగండి లేదా మరో లేన్‌కు మారండి.

ఒకే ట్యూబు తెచ్చుకోవడం. ముళ్ళ కాలంలో ఒక ముల్లు రెండు రంధ్రాలు చేస్తుంది. టైరులో మిగిలిన ముక్క కొత్త ట్యూబును కూడా కొరుకుతుంది. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడిమి, ముల్లు తీశాకే ఎక్కించండి.

ఎక్కడున్నామో చెప్పలేకపోవడం. ప్రమాదం జరిగి 999కు ఫోను చేస్తే లేన్‌కు పేరు ఉండకపోవచ్చు. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎస్ లొకేట్ అనే ఉచిత యాప్ సిగ్నల్ లేకపోయినా గ్రిడ్ సంఖ్య (మ్యాపు మీద మీరున్న చోటును తెలిపే సంఖ్య) చూపిస్తుంది. దాన్ని చదవడం ఇంట్లోనే ఒకసారి అలవాటు చేసుకోండి.

బీమా లేకపోవడం. మీ సైకిలు వల్ల మరొకరికి నష్టం కలిగితే భరించే బీమా సైక్లింగ్ యూకే సభ్యత్వంతో పాటే వస్తుంది.

## 10. ఇంటికి వచ్చాక

చైను తుడిచి, నూనె వేసి, టైర్లలో గుచ్చుకున్న రాతిముక్కలు తీసివేయండి. రెండు రోజులు ఆగితే అవి లోపలికి దిగుతాయి. ఆ తరువాత మ్యాపు తెరిచి, బాగున్న లేన్‌ను ఆకుపచ్చ పెన్సిలుతోనూ, మళ్ళీ వెళ్ళకూడనిదాన్ని ఎరుపుతోనూ గుర్తించి, పక్కన వారం, గంట రాసుకోండి. నా మ్యాపు మీద ఏ346 దాటే చోట ఒకదానికి ఎర్రగీత, దానికి అర మైలు దూరంలో మరొకదానికి ఆకుపచ్చగీత ఉన్నాయి. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు మూడు యాత్రలు పట్టింది.